నోటు 1923 నాటిది, నియంత వచ్చింది 1933లో: నడుమ పదేళ్లలో జర్మనీలో ఏం జరిగింది?

మల్లేశ్వరం పాఠకురాలు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు బెంగళూరులో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశారు. ఆదివారం వస్తే అవెన్యూ రోడ్డులోని పాత పుస్తకాల అంగళ్ల వెంట తిరిగేవారు. అక్కడ కొన్న ఒక జర్మన్ వ్యాకరణ పుస్తకం పేజీల మధ్య ఆయనకు ఒక పాత నోటు దొరికింది. కిందటి వారం అటక మీది పెట్టె దించినప్పుడు అది మళ్లీ నా చేతికి వచ్చింది. 1922 డిసెంబరు తేదీతో అచ్చయిన వెయ్యి మార్కుల నోటు అది. 1923లో దాని మీద ఎర్ర సిరాతో మరోసారి అచ్చు వేసి, దాన్ని 100 కోట్ల మార్కుల నోటుగా మార్చారు. కొత్త నోటు అచ్చు వేసే తీరిక కూడా లేక పాత నోటు మీదే అంకె మార్చారంటే ఆ దేశం ఎంత కంగారులో ఉండి ఉంటుందో ఆ ఎర్ర అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నాజీల పాఠం ఈ మధ్యే అయింది. నోటు చూపించి, "ఇలా డబ్బు విలువ పోయి, జనం విసిగిపోయి, హిట్లర్‌ను తెచ్చుకున్నారు" అని నాకు తెలిసిన మాట చెప్పాను. అది నోటును కాసేపు తిప్పి చూసి, "అమ్మా, ఇది 1923 నాటిది కదా, హిట్లర్ ఛాన్సలర్ అయింది 1933లో కదా, పదేళ్ల పాటు జనానికి కోపం రాలేదా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. నేను చదివిన పుస్తకాలన్నీ వర్సాయ్ ఒప్పందం, ద్రవ్యోల్బణం, ఆర్థిక మాంద్యం, హిట్లర్ అని నాలుగు మాటలు వరుసగా పేర్చి ముగించేవే. ఆ మాటలకూ మాటలకూ మధ్య ఏం జరిగిందో తెలిసినవారు చెప్పగలరా? హిట్లర్ ఎన్నికల్లో గెలిచి వచ్చాడా, లేక బలవంతంగా అధికారం లాక్కున్నాడా అన్నది కూడా నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు.

జయనగర్ విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు కాలేజీలో ఈ పాఠం చెప్పాను గానీ తేదీలను ఇలా పక్కపక్కన పెట్టి అడిగిన విద్యార్థులు నాకు తక్కువగానే తగిలారు.

ముందు ఆ నోటు సంగతి చెబుతాను. 1923 నవంబరు నాటికి ఒక డాలరు కొనాలంటే 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు ఇవ్వవలసి వచ్చింది. అదే నెలలో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ తెచ్చి ఆ పతనాన్ని ఆపారు. అదే నెల 8, 9 తేదీల్లో హిట్లర్ మ్యూనిక్‌లో తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. దేశం అంత అల్లాడుతున్నప్పుడు కూడా మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఏర్పడిన వైమర్ గణతంత్రం కూలిపోలేదన్నది ఇక్కడ గమనించాలి. ఆ తరువాతి ఐదేళ్లలో పరిస్థితి కుదుటపడింది. 1928 మే 20న జరిగిన ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చినవి 2.6 శాతం ఓట్లు, జర్మన్ పార్లమెంటు అయిన రైఖ్‌స్టాగ్‌లో 12 స్థానాలు. ద్రవ్యోల్బణమే హిట్లర్‌ను తెచ్చి ఉంటే ఆ 12 ఎప్పుడో 200 అయి ఉండేది. అయితే ఆ నోటుకు ఈ కథతో సంబంధమే లేదని కూడా అనలేను. పెన్షను మీద, బ్యాంకులో దాచుకున్న సొమ్ము మీద, యుద్ధ బాండ్ల మీద ఆధారపడిన మధ్యతరగతి కుటుంబాలు ఆ ఏడాదిలో చేతిలో ఉన్నదంతా పోగొట్టుకున్నాయి, ఆ నష్టాన్ని గణతంత్రం ఖాతాలోనే రాసుకున్నాయి. గాయం మానినట్టే కనిపించింది. ఆర్థిక మాంద్యం అనే రెండో దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది.

నన్నడిగితే ఈ కథలో అసలు మలుపు 1933 కాదు, 1930. ఆ ఏడాది మార్చి 27న సోషల్ డెమొక్రాట్ నాయకుడు హెర్మన్ ముల్లర్ నడిపిన ఐదు పార్టీల సంకీర్ణ ప్రభుత్వం రాజీనామా చేసింది. కారణం వింటే మీరు నమ్మలేరు. నిరుద్యోగులు పెరిగి బీమా నిధి ఖాళీ అవుతుంటే, కూలి డబ్బు నుంచి ఆ నిధికి కట్టవలసిన వాటాను మూడున్నర శాతం దాటి ఎంత పెంచాలన్న దాని మీద పార్టీలకు ఒప్పందం కుదరలేదు. పరిశ్రమల యజమానుల పక్షాన నిలిచిన జర్మన్ పీపుల్స్ పార్టీ వాటా పెంచడానికి ఇష్టపడలేదు, కార్మిక సంఘాల మాట కాదనలేని సోషల్ డెమొక్రాట్లు భృతి తగ్గడానికి ఒప్పుకోలేదు. తేడా అర శాతానికి మించి లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. సోషల్ డెమొక్రాట్లు లేని ప్రభుత్వం కావాలని అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న సైనికాధికారులు, ముఖ్యంగా జనరల్ ష్లైఖర్, అప్పటికే పథకం వేసుకుని ఉన్నారన్నది కూడా నిజమే. కానీ తలుపు తీసింది మాత్రం సంకీర్ణమే. హిట్లర్ రాక మునుపు రైఖ్‌స్టాగ్‌లో మెజారిటీ ఉన్న ప్రభుత్వం అదే ఆఖరిది.

ఆ తరువాత కాథలిక్కుల పార్టీ అయిన సెంటర్ పార్టీకి చెందిన హైన్రిఖ్ బ్రూనింగ్ ఛాన్సలర్ అయ్యాడు. అతనికి సభలో మెజారిటీ లేదు. జులైలో అతని ఆర్థిక బిల్లును రైఖ్‌స్టాగ్ తిరస్కరించింది. తిరస్కరించిన అదే బిల్లును అధ్యక్షుడి సంతకంతో రాజ్యాంగం 48వ అధికరణం కింద అత్యవసర ఉత్తర్వుగా అమలులోకి తెచ్చాడు. ఆ ఉత్తర్వును రద్దు చేసే హక్కు సభకు ఉంది కాబట్టి జులై 18న సభ దాన్ని రద్దు చేసింది. వెంటనే అధ్యక్షుడు 25వ అధికరణం కింద సభనే రద్దు చేశాడు. సభ లేని ఆ కొద్ది వారాల్లో ఉత్తర్వును మళ్లీ జారీ చేశారు, దాన్ని కాదనడానికి ఈసారి ఎవరూ లేరు. ఇందులో ప్రతి అడుగూ రాజ్యాంగంలో రాసి ఉన్నదే. కానీ 48, 25 కలిపి వాడితే రాజ్యాంగంలో పార్లమెంటుకు చోటు ఉండదన్న సంగతి ఆ వేసవిలో అందరికీ తెలిసిపోయింది.

సెప్టెంబరు 14న ఎన్నికలు జరిగాయి. నాజీల 12 స్థానాలు 107 అయ్యాయి. అవసరం లేని ఎన్నికలను, మాంద్యం ముదురుతున్న సమయంలో, ఏరికోరి తెచ్చుకున్నారు. ఆ తరువాత సోషల్ డెమొక్రాట్లు బ్రూనింగ్‌ను పడగొడితే హిట్లర్ వస్తాడన్న భయంతో అతని ఉత్తర్వులను సహిస్తూ వచ్చారు. 1932లో రైఖ్‌స్టాగ్ చేసిన చట్టాలు 5 అయితే, అధ్యక్షుడి సంతకంతో వచ్చిన ఉత్తర్వులు అరవైకి పైనే. జర్మన్ ప్రజలు తమ పార్లమెంటు లేకుండా బతకడానికి హిట్లర్ రాక మునుపే అలవాటు పడ్డారని నేను ఎప్పుడూ చెబుతుంటాను. మీ అమ్మాయి అడిగిన పదేళ్లకు నా జవాబు ఇదే.

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు:

మాస్టారి మాటలో నిజం ఉందని ఒప్పుకుంటూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. అధికరణాల లెక్కలు, అధ్యక్షుడి చుట్టూ చేరినవారి మంతనాలు మాత్రమే చెబితే ఓటర్లను మరీ తేలిగ్గా వదిలేసినట్టు అవుతుంది.

1932 ప్రారంభంలో జర్మనీలో నమోదైన నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. బ్రూనింగ్ ఖర్చులు తగ్గించాలని జీతాలు కోసి, పన్నులు పెంచి, భృతి తగ్గిస్తే కొండ నాలుకకు మందేసి ఉన్న నాలుక ఊడగొట్టినట్టయింది. 1931 జులైలో దేశంలోని పెద్ద బ్యాంకుల్లో ఒకటైన డానాట్ బ్యాంకు కూలిపోయింది. ఇలాంటి స్థితిలో 1932 జులై 31న ఓటు వేసిన వారిలో 37.3 శాతం మంది, అంటే దాదాపు కోటి 37 లక్షల మంది, నాజీలను ఎంచుకున్నారు. వారికి 230 స్థానాలు వచ్చాయి. కమ్యూనిస్టులకు 89 వచ్చాయి. మొత్తం 608 స్థానాల్లో ఈ రెండు పార్టీలవే 319. ఒకరినొకరు వీధుల్లో కొట్టుకుని చంపుకునే ఈ రెండు పార్టీలూ పార్లమెంటరీ గణతంత్రం వద్దు అనడంలో మాత్రం ఏకమయ్యాయి. వద్దనే వారికే మెజారిటీ ఉన్న సభలో ఎంత మంచి ఛాన్సలర్ అయినా ప్రభుత్వాన్ని ఎలా నడపగలడు? పార్లమెంటును పక్కన పెట్టారని నాయకులను నిందించే ముందు, ఆ పార్లమెంటును పనికిరాకుండా చేసిన ఓటు గురించి కూడా మాట్లాడాలి.

ఆ ఓటు అందరిదీ ఒకే తీరుగా లేదని కూడా చెప్పాలి. ఉత్తర జర్మనీలోని ప్రొటెస్టెంటు రైతులు, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ వంటి ప్రాంతాల్లో, పెద్ద ఎత్తున నాజీల వైపు తిరిగారు. కాథలిక్ ప్రాంతాలు చాలావరకు సెంటర్ పార్టీని విడిచిపెట్టలేదు. ఉద్యోగం పోయిన కార్మికులు నాజీల కంటే ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. ఆ కమ్యూనిస్టు పార్టీ మాస్కో చెప్పిన దారిలో నడుస్తూ, సోషల్ డెమొక్రాట్లను "సోషల్ ఫాసిస్టులు" అని పిలుస్తూ, అసలు శత్రువు వారేనని కార్యకర్తలకు నూరిపోసింది. ఇంట్లో అన్నదమ్ములు గట్టు తగాదా పడుతుంటే ఊరు తగలబడింది.

కానీ ఇక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఉంది. 1932 నవంబరు 6న మళ్లీ ఎన్నికలు జరిగితే నాజీలు సుమారు 20 లక్షల ఓట్లు కోల్పోయారు. స్థానాలు 230 నుంచి 196కి పడిపోయాయి. డిసెంబరులో పార్టీలో రెండో స్థాయి నాయకుడైన గ్రెగర్ స్ట్రాసర్ పదవులన్నీ వదులుకున్నాడు. అంటే హిట్లర్ ఛాన్సలర్ అయింది అతని గాలి జోరుగా వీస్తున్నప్పుడు కాదు, అది తగ్గుతున్నప్పుడు. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ అతనికి సగం ఓట్లు రాలేదు. అలాగని తుపాకీ చూపించి కూడా ఆ పదవిలోకి రాలేదు. 1933 జనవరి 4న కొలోన్‌లో కుర్ట్ ఫాన్ ష్రోడర్ అనే బ్యాంకరు ఇంట్లో, బ్రూనింగ్ తరువాత ఛాన్సలరై పదవి పోగొట్టుకున్న పాపెన్ హిట్లర్‌ను కలిశాడు. అప్పటి ఛాన్సలర్ ష్లైఖర్ మీద పాపెన్‌కు పగ ఉంది. అక్కడ మొదలైన బేరం, అధ్యక్షుడి కొడుకు ఆస్కర్, అధ్యక్ష కార్యాలయ కార్యదర్శి మైస్నర్ చేతుల మీదుగా సాగి, 85 ఏళ్ల హిండెన్‌బర్గ్ సంతకంతో జనవరి 30న ముగిసింది. మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే. మిగతా వారంతా సంప్రదాయవాదులు. అతన్ని మధ్యలో కూర్చోబెట్టి అదుపులో ఉంచుకోవచ్చని పాపెన్ గట్టిగా నమ్మాడు.

కబ్బన్ పార్క్ న్యాయవాది:

ఆ ముగ్గురికి దక్కిన శాఖలు ఏవో చెప్పకపోతే పాపెన్ చేసిన తప్పు ఎంత పెద్దదో తెలియదు. హిట్లర్ కాక మిగిలిన ఇద్దరిలో ఫ్రిక్ కేంద్ర హోం మంత్రి అయ్యాడు. గోరింగ్‌కు ప్రష్యా రాష్ట్ర హోం శాఖ దక్కింది. జర్మనీ జనాభాలో దాదాపు ఐదింట మూడొంతులు ప్రష్యాలోనే ఉండేవారు. ఆ రాష్ట్ర పోలీసులే దేశంలో అన్నిటికంటే పెద్ద బలగం.

ఆ పోలీసు శాఖ గోరింగ్ కుర్చీ కిందికి ఎలా వచ్చిందో చూడండి. ప్రష్యాను ఏళ్ల తరబడి సోషల్ డెమొక్రాట్ ఓటో బ్రౌన్ నాయకత్వంలోని ప్రభుత్వం పాలించింది. గణతంత్రానికి అండగా నిలిచిన కోట ఏదైనా ఉందంటే అదే. హాంబర్గ్ పక్కనున్న ఆల్టోనాలో, అది ప్రష్యా పట్టణం, 1932 జులై 17న నాజీల ఊరేగింపు సందర్భంగా రక్తపాతం జరిగింది. మూడు రోజుల తరువాత, జులై 20న, శాంతిభద్రతలు దెబ్బతిన్నాయన్న కారణం చూపి, అప్పటి ఛాన్సలర్ పాపెన్ 48వ అధికరణం కింద అధ్యక్షుడి ఉత్తర్వు తెచ్చి ప్రష్యా ప్రభుత్వాన్ని తొలగించి, రాష్ట్ర పాలనను తానే చేపట్టాడు. అంతకు నెల ముందు నాజీల గోధుమరంగు చొక్కాల దళం మీదున్న నిషేధాన్ని ఎత్తివేసింది కూడా అతని ప్రభుత్వమే. బ్రౌన్ ప్రభుత్వం సమ్మెకు పిలుపు ఇవ్వలేదు, పోలీసులను ఎదురు నిలవమనలేదు. 1920లో కాప్ తిరుగుబాటును సార్వత్రిక సమ్మెతో నాలుగైదు రోజుల్లో ఓడించిన కార్మికులే వీరు. కానీ 60 లక్షల మంది పని కోసం గేటు బయట నిలబడి ఉన్నప్పుడు సమ్మె అనే ఆయుధం పని చేయదని నాయకులు లెక్క వేసుకున్నారు. వారు కోర్టుకు వెళ్లారు. లైప్‌జిగ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం అక్టోబరు 25న తీర్పు చెబుతూ, పాత మంత్రులకు ప్రష్యా తరఫున రాష్ట్రాల సభలో కూర్చునే హక్కు ఉందని చెప్పింది, పాలనాధికారం మాత్రం కేంద్రం నియమించిన కమిషనర్ చేతిలోనే ఉండనిచ్చింది. బిరుదు ఒకరికి, బలగం ఒకరికి అయింది. మూడు నెలల తరువాత ఆ బలగమే గోరింగ్ చేతికి వచ్చింది. 1933 ఫిబ్రవరిలో అతను గోధుమరంగు దళం నుంచి, నాజీల మరో దళమైన ఎస్‌ఎస్ నుంచి, స్టాల్‌హెల్మ్ అనే మాజీ సైనికుల సంఘం నుంచి 50,000 మందిని సహాయక పోలీసులుగా చేర్చుకున్నాడు. నిన్నటి దాకా వీధిలో దుడ్డుకర్రలతో తిరిగినవాడి చేతికి ఇవాళ పోలీసు పట్టీ వచ్చింది.

బెంగళూరులో వకాలత్ చేసే నాకు ఈ ప్రష్యా కేసు చదివినప్పుడల్లా మన బొమ్మై కేసే గుర్తుకొస్తుంది. 1989 ఏప్రిల్‌లో ఇక్కడ కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వాన్ని 356వ అధికరణం కింద తొలగించారు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి ఉత్తర్వును కోర్టు పరిశీలించవచ్చని, మెజారిటీ ఉందో లేదో తేల్చవలసింది శాసనసభలోనే అని చెప్పింది. లైప్‌జిగ్ కోర్టు అంత స్పష్టంగా మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించబోను. మన రాజ్యాంగ సభలోనే 1949 ఆగస్టులో హెచ్.వి. కామత్ అత్యవసర అధికారాల మీద మాట్లాడుతూ వైమర్ రాజ్యాంగాన్ని ఎత్తిచూపి హెచ్చరించారని మాత్రం ఇక్కడ గుర్తు చేస్తాను.

ఇక 48వ అధికరణం గురించి ఒక మాట. అధ్యక్షుడు తాత్కాలికంగా నిలిపివేయగల ప్రాథమిక హక్కులు ఏవో అందులో అంకెలతో సహా రాశారు: 114, 115, 117, 118, 123, 124, 153. వ్యక్తి స్వేచ్ఛ, ఇంటి భద్రత, ఉత్తరాల గోప్యత, వాక్స్వాతంత్ర్యం, సభలు, సంఘాలు, ఆస్తి అన్నీ ఈ ఏడింటిలోనే ఉన్నాయి. ఈ అధికారాన్ని వాడవలసిన పద్ధతిని ఒక చట్టం ద్వారా నిర్ణయించాలని అదే అధికరణంలో చివర రాసుకున్నారు. ఆ చట్టం ఎన్నడూ రాలేదు. మొదటి అధ్యక్షుడు ఎబర్ట్, ఆయన గణతంత్రాన్ని ప్రేమించిన మనిషి, దీన్ని వందకు పైగా సార్లు వాడాడు. ఆయన చేతిలో అది తిరుగుబాట్లను అణచడానికి పనికివచ్చింది కాబట్టి హద్దులు గీయాలన్న తొందర ఎవరికీ కలగలేదు. 1933 ఫిబ్రవరి 27 రాత్రి రైఖ్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడు వచ్చిన ఉత్తర్వు మొదటి వాక్యంలో ఆ ఏడు అంకెలే ఉన్నాయి. "తదుపరి నోటీసు వరకు" ఆ హక్కులు నిలిపివేశారు. ఆ తదుపరి నోటీసు 1945 దాకా రాలేదు. కోర్టు గడప తొక్కకుండా మనిషిని ఎన్నాళ్లయినా నిర్బంధించడానికి ఆ ఒక్క కాగితమే ఆధారం అయింది.

మల్లేశ్వరం పాఠకురాలు:

మాస్టారూ, మిగతా పెద్దలూ, ఇంత వివరంగా రాసినందుకు ఎంతో కృతజ్ఞురాలిని. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయికి అన్నీ చదివి వినిపించాను. ఒక చోట అది ఆగిపోయింది. 1933 మార్చి 5 ఎన్నికల్లో కూడా నాజీలకు 43.9 శాతమే వచ్చిందని దాని పాఠంలో ఉంది. కానీ పార్లమెంటు అధికారాలన్నీ హిట్లర్‌కు అప్పగించిన చట్టానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి కదా, అవి ఎక్కడి నుంచి వచ్చాయి అని అడుగుతోంది.

జయనగర్ విశ్రాంత అధ్యాపకుడు:

లెక్క చెబుతాను, పక్కన కాగితం పెట్టుకుని వేసుకోమనండి.

ఆ ఎన్నికల్లో ఎన్నికైనవారు 647 మంది. నాజీలు 288, వారి మిత్రపక్షమైన జాతీయవాదులు 52. కలిపితే 340, అంటే సగానికి పైనే. రాజ్యాంగాన్ని మార్చాలంటే 76వ అధికరణం రెండు షరతులు పెట్టింది. సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే 432 మంది, సభలో హాజరై ఉండాలి. హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది అనుకూలంగా ఓటు వేయాలి. 81 మంది కమ్యూనిస్టులను సభకు రానివ్వలేదు. కొందరు జైల్లో ఉన్నారు, కొందరు పారిపోయారు. సోషల్ డెమొక్రాట్లు 120 మంది. వారంతా కూడా సభకు రాకుండా ఉంటే మిగిలేది 446. ఇంకో పదిహేను మంది గైర్హాజరైతే కోరం లేక ఆ బిల్లు ఆగిపోతుంది. ఆ భయంతోనే సభాపతి గోరింగ్ సభా నియమాలను మార్పించాడు. అనుమతి లేకుండా రానివారిని కూడా హాజరైనట్టే లెక్కిస్తారు. జైల్లో పెట్టి రానివ్వని మనిషి కూడా ఈ కొత్త లెక్కలో హాజరే.

మార్చి 23న సభ క్రోల్ సంగీత నాటకశాలలో జరిగింది, అసలు భవనం కాలిపోయింది కాబట్టి. లోపలా బయటా గోధుమరంగు దళం మనుషులు, ఎస్‌ఎస్ మనుషులు బారులు తీరి నిలబడ్డారు. సోషల్ డెమొక్రాట్లలో 26 మంది అరెస్టై గానీ, దాక్కొని గానీ రాలేకపోయారు, వచ్చినవారు 94 మంది. ఇక తూకం ఎటు మొగ్గాలో తేల్చవలసింది సెంటర్ పార్టీ. వారి నాయకుడు కాస్ ఒక కాథలిక్ పూజారి. చర్చి హక్కులకు, కాథలిక్ పాఠశాలలకు హామీ ఇస్తూ హిట్లర్ ఉత్తరం రాస్తానని మాట ఇచ్చాడు. ఓటింగు వేళ దాకా ఆ ఉత్తరం రాలేదు. పార్టీలో బ్రూనింగ్ వంటి కొందరు లోపల వ్యతిరేకించి కూడా, చీలిపోకూడదని, అందరూ ఒకే మాట మీద అనుకూలంగా ఓటు వేశారు. నాకు ఈ కథ మొత్తంలో కడుపులో దేవినట్టు అనిపించేది ఈ ఘట్టమే. మూడేళ్ల కిందట పార్లమెంటు కాదన్నదాన్ని సంతకంతో అమలు చేసిన బ్రూనింగ్, ఇప్పుడు ఆ పార్లమెంటును మూసివేసే కాగితానికి చేయి ఎత్తాడు.

వ్యతిరేకంగా మాట్లాడినవాడు ఒక్కడే, సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఓటో వెల్స్. మా స్వేచ్ఛను, మా ప్రాణాలను తీసుకోవచ్చు గానీ మా గౌరవాన్ని తీసుకోలేరు అని, ఆ దళాల మధ్య నిలబడి చెప్పాడు. బిల్లుకు అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94 ఓట్లు వచ్చాయి. సోషల్ డెమొక్రాట్లు తప్ప వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. ఐదే ఐదు అధికరణాలున్న ఆ చట్టం, రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాలను కూడా మంత్రివర్గమే చేసుకోవచ్చని చెప్పింది. నాలుగేళ్లకని తెచ్చి, మళ్లీ మళ్లీ పొడిగించారు. వైమర్ రాజ్యాంగాన్ని రద్దు చేస్తూ హిట్లర్ ఒక్క చట్టమూ చేయలేదని మీ అమ్మాయికి చెప్పండి. అతనికి ఆ అవసరమే రాలేదు.

ఆ తరువాత అంతా వేగంగా జరిగిపోయింది. మే 2న కార్మిక సంఘాల కార్యాలయాలను ఆక్రమించారు. జూన్ 22న సోషల్ డెమొక్రాటిక్ పార్టీని నిషేధించారు. ఓటు వేసి రక్షణ కొనుక్కున్నామనుకున్న సెంటర్ పార్టీ జులై 5న తనను తానే రద్దు చేసుకుంది. జులై 14న నాజీ పార్టీ తప్ప మరో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది. జనవరి 30 నుంచి లెక్క వేస్తే ఆరు నెలలు కూడా నిండలేదు.

కబ్బన్ పార్క్ న్యాయవాది:

మాస్టారు చెప్పిన 76వ అధికరణం లెక్కకు మన దేశంతో ఒక ముడి ఉంది, చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మూడింట రెండొంతుల మంది చేయి ఎత్తితే రాజ్యాంగంలో దేనినైనా మార్చుకోవచ్చా అన్న ప్రశ్నను డీట్రిఖ్ కోన్రాడ్ అనే జర్మన్ పండితుడు 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో లేవనెత్తారు. తన దేశం ఆ ప్రశ్నను 1933లో ఎలా ఎదుర్కొందో ఆయనకు తెలుసు. ఆ వాదన గోలక్‌నాథ్ కేసులో మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1973లో కేశవానంద భారతి తీర్పులో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న సూత్రం స్థిరపడినప్పుడు జస్టిస్ ఖన్నా కోన్రాడ్ మాటలను ఉదహరించారు. యుద్ధం తరువాత జర్మన్లు 1949లో రాసుకున్న మూల చట్టంలో, అంటే వారి కొత్త రాజ్యాంగంలో, మార్చడానికి వీల్లేని సూత్రాలు ఇవి అని 79వ అధికరణంలోనే రాసుకున్నారు. కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోకుండా ఉన్న ఛాన్సలర్‌ను దించడానికి వీల్లేదన్న 67వ అధికరణం, వైట్‌ఫీల్డ్ మిత్రులు చెప్పిన 319 మందిని తలచుకుని రాసినట్టే ఉంటుంది.

మల్లేశ్వరం పాఠకురాలు:

నోటును ప్లాస్టిక్ కవరులో పెట్టి, దాని వెనక ఒక తెల్లకాగితం మీద మా అమ్మాయి 12, 107, 230, 196, 288 అని ఐదు అంకెలు తేదీలతో రాసింది. దానికి ఇంకొక్క సందేహం మిగిలింది. వ్యతిరేకంగా ఓటు వేసినవారికి, ఆ రోజు రాలేకపోయినవారికి తరువాత ఏమైంది?

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు:

కంపెనీ పని మీద రెండేళ్లు బెర్లిన్‌లో ఉన్నాను. రైఖ్‌స్టాగ్ భవనం ముందు, సందర్శకుల వరుస పక్కనే, నల్లని పలకలు పుస్తకాల అరలో పుస్తకాల్లా నిలువుగా, అంచులు పైకి వచ్చేట్టు, ఒకదాని పక్కన ఒకటి పాతి ఉంటాయి. నాజీల చేతిలో చనిపోయిన రైఖ్‌స్టాగ్ సభ్యుల జ్ఞాపకార్థం 96 పలకలు. ఎవరి పేరు, ఏ పార్టీ, ఎక్కడ, ఎప్పుడు అన్నది పై అంచు మీద చిన్న అక్షరాల్లో చెక్కారు. చదవాలంటే నడుము వంచాలి. ఒక చలికాలం ఉదయం నేను చేతి తొడుగు తీసి వేలితో మంచు తుడుచుకుంటూ ఒక్కొక్కటే చదివాను. కమ్యూనిస్టులూ సోషల్ డెమొక్రాట్లూ అక్కడ పక్కపక్కనే ఉన్నారు.

వెల్స్ దేశం విడిచి వెళ్లి 1939 సెప్టెంబరులో పారిస్‌లో మరణించాడు. యూలియుస్ లేబర్ అనే సభ్యుడు మార్చి 23న ఆ నాటకశాలకు ఓటు వేయడానికే వచ్చాడు, కానీ లోపలికి వెళ్లకముందే అరెస్టు చేశారు. నాలుగేళ్లు జైల్లో, నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. బయటికి వచ్చాక హిట్లర్‌ను తొలగించే కుట్రలో చేరాడు. 1945 జనవరి 5న బెర్లిన్‌లోని ప్లొట్సెన్‌జే జైల్లో అతన్ని ఉరితీశారు.